తెరమీది తెలుగు, దాని పాఠాంతరాలు: అనుకూలీకృత ఆండ్రాయిడ్ ఇంటర్‌ఫేస్ భాషా చరిత్ర

కొత్త ఫోను పెట్టె విప్పి మీట నొక్కగానే తెర మొదట అడిగేది భాష గురించే. ఆ జాబితాలో ‘తెలుగు’ అన్న మాట తెలుగు లిపిలోనే కనిపించడం నేడు వింత కాదు. దాన్ని ఎంచుకున్న తరువాత తెరమీదికి వచ్చే తెలుగు ఎవరు రాసినది, ఏ కాలానిది, దాని వెనుక ఏ భాషాదృష్టి ఉన్నది అన్న ప్రశ్నలు మాత్రం తెలుగు పరిశోధనలో తగినంతగా చర్చకు రాలేదు. పత్రికల భాషపై, పాఠ్యపుస్తకాల భాషపై, చలనచిత్ర భాషపై విలువైన పరిశీలనలు వచ్చాయి. రోజుకు పదులసార్లు చదివే ఫోను తెరలోని మాటలను మాత్రం భాషగా కాక యంత్రంలో ఒక భాగంగా చూడడమే అలవాటైంది.

ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటిపై కనిపించేది గూగుల్ విడుదల చేసిన మూలరూపం కాదు. తయారీదారులు ఆ మూలాన్ని తీసుకొని, దానిపై తమ రంగులు, గుర్తులు, అమరికలు, అదనపు సదుపాయాలు చేర్చి సొంత పేరుతో అందిస్తారు. శామ్‌సంగ్ వారి వన్ యూఐ, షావోమి వారి ఎంఐయూఐ, ఒప్పో వారి కలర్ ఓఎస్, వన్‌ప్లస్ వారి ఆక్సిజన్ ఓఎస్ ఇలా పుట్టినవే. దుకాణాల్లో వీటిని ‘కస్టమ్ యూఐ’ అనీ, ‘స్కిన్’ అనీ అంటారు. ఈ వ్యాసంలో అనుకూలీకృత ఇంటర్‌ఫేస్ అన్న మాట ఈ అర్థంలోనే వాడబడింది.

తాళపత్ర ప్రతులను పరిష్కరించిన పండితులకు పరిచయమైన ఒక స్థితి ఇక్కడ మళ్లీ ఎదురవుతుంది. అనుకూలీకృత ఇంటర్‌ఫేస్ ఒక్క చేతి రాత కాదు. మూలంపై మరొక చేయి పూరించి, సవరించి, కొన్నిచోట్ల కొట్టివేసి రాసిన ప్రతి. అయితే కింది చేతి రాతకు నేడు ఏ పరిశోధకుడైనా చూడగల భాండాగారం ఉన్నది. పై చేతి రాతకు అది లేదు. తెలుగు వినియోగదారు తెరను అర్థం చేసుకోవడంలో పడే తడబాటుకు కొంత కారణం ఈ రెండు చేతుల మధ్య ఉన్న అతుకులోనే ఉన్నదని చూపడం ఈ వ్యాస ఉద్దేశం.

ఈ పరిశీలనకు నార్సింగి పరిసరాలను ఆధారంగా తీసుకోవడానికి కారణం ఉన్నది. రంగారెడ్డి జిల్లా గండిపేట మండలంలోని నార్సింగి 2018లో పురపాలక సంఘమైంది. ఒకవైపు 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, మరొకవైపు నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, పక్కగా అవుటర్ రింగ్ రోడ్డు ఉన్న ఈ ఊరు ఒక తరం కాలంలోనే పొలాల నుంచి బహుళ అంతస్తుల భవనాలకు మారింది. 2018 డిసెంబరులో ఒప్పో, 2019 ఆగస్టులో వన్‌ప్లస్ తమ పరిశోధన, అభివృద్ధి కేంద్రాలను హైదరాబాదులో నెలకొల్పాయి. వన్‌ప్లస్ కేంద్రం నార్సింగికి పొరుగునే నానక్‌రామ్‌గూడలో వెలసింది. 1974లో ఏర్పడి తెలుగు శాఖను, అనువర్తిత భాషాశాస్త్ర కేంద్రాన్ని నడుపుతున్న హైదరాబాద్ విశ్వవిద్యాలయం, 1998లో ఏర్పడి భాషా సాంకేతిక పరిశోధనకు పేరుపొందిన ట్రిపుల్ ఐటీ కూడా ఇదే పడమటి కొసన గచ్చిబౌలిలో ఉన్నాయి. ఇవన్నీ కొద్ది కిలోమీటర్ల దూరంలోనివి. ఈ సామీప్యపు జాడ తెరమీది మాటల్లో మాత్రం కనిపించదు.

డబ్బాల కాలం

2008లో తొలి ఆండ్రాయిడ్ ఫోను వచ్చేనాటికి కంప్యూటర్‌పై తెలుగు పరాయిది కాదు. భారతీయ లిపుల కోసం రూపొందిన ఇస్కీ సంకేతావళి 1991లో భారతీయ ప్రమాణంగా వెలువడింది. అదే ఏడాది వచ్చిన యూనికోడ్ తొలి రూపంలో తెలుగుకు చోటు దక్కింది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. రోమన్ అక్షరాలతో కొట్టి తెలుగులో చూసుకొనే ‘లేఖిని’ 2006లో వచ్చింది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు గ్నూ/లినక్స్ వ్యవస్థను తెలుగులోకి తెచ్చే పనికి ఆ దశకంలోనే పూనుకున్నారు. అయినా తొలితరం ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు పుట తెరిస్తే అక్షరాల స్థానంలో ఖాళీ చతురస్రాలు కనిపించేవి. వాటిని అందరూ ‘డబ్బాలు’ అనేవారు. ఒపెరా మినీ బ్రౌజరులో ఒక మరుగు అమరికను మార్చితే సర్వరు అక్షరాలను బొమ్మలుగా మార్చి పంపేది. తెలుగు బ్లాగరుల మధ్య ఆ చిట్కా చేతులు మారుతూ ప్రచారమైంది. అంటే ఫోనులో తెలుగు చదువరి తొలినాళ్లలో చదివినది అక్షరాలను కాదు, అక్షరాల బొమ్మలను.

2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.1తో కన్నడ, మలయాళ లిపులతోపాటు తెలుగు లిపికి వ్యవస్థలోనే ఏర్పాటు జరిగింది. డబ్బాలు పోయాయి. కానీ జాబితాలు, హెచ్చరికలు, మీటల మీది మాటలు ఇంగ్లీషులోనే మిగిలాయి. వాటికి తెలుగు రూపం 2014 చివరలో ఆండ్రాయిడ్ 5.0తో వచ్చింది. ఆ విడుదలలో కొత్తగా చేరిన 15 భాషల్లో కన్నడం, తమిళం, మలయాళం, మరాఠీ, బెంగాలీలతోపాటు తెలుగు ఒకటి.

ఇక్కడ ఒక కాలక్రమ విశేషాన్ని గుర్తించాలి. మూలం తెలుగులోకి రాకముందే పై పొర తెలుగులోకి వచ్చింది. మైక్రోమాక్స్ సంస్థ 2014 వేసవిలో విడుదల చేసిన యునైట్ 2 ఫోను ఇంగ్లీషుతోపాటు 20 భారతీయ భాషల్లో ఇంటర్‌ఫేస్‌ను అందించింది. మరుసటి ఏడాది అదే వరుసలోని యునైట్ 3 ద్వారా ప్రజల చేతికి వచ్చిన ఇండస్ ఓఎస్, రాసిన వాక్యాన్ని తెరపై వేలితో పక్కకు జరిపితే మరో భాషలోకో లిపిలోకో మారే పద్ధతిని తెచ్చింది. ధర తక్కువైన ఫోన్ల కోసం దేశీయ సంస్థలు త్వరత్వరగా చేయించుకున్న ఈ అనువాదాలే ఎందరికో తొలి తెలుగు తెర. ఆ ఫోన్లు పాడై, పాత ఇనుప సామాను బండ్లకెక్కిన తరువాత ఆ తెలుగు ఏ గ్రంథాలయంలోనూ మిగలలేదు. తొలినాటి తెలుగు ముద్రణలు లండను గ్రంథాలయాల్లో వెదికినా దొరుకుతాయి. పదేళ్ల కిందటి ఫోను తెర దొరకడం కష్టం. సాహిత్య చరిత్రకారులకు ఇది చిన్న విషయంగా తోచవచ్చు కానీ, చిన్నది కాదు.

మూలం విషయం వేరు. ఆండ్రాయిడ్ మూలసంకేతం బహిరంగం. అందులో తెరపై కనిపించే ప్రతి మాటా, ప్రతి వాక్యమూ కార్యక్రమ సంకేతం నుంచి వేరుచేసి భాషకొక అరలో పెట్టి ఉంచుతారు. ఫోను భాష తెలుగు అయితే వ్యవస్థ తెలుగు అరలో వెదుకుతుంది. అక్కడ మాట దొరకకపోతే నిర్మొహమాటంగా ఇంగ్లీషు మాటను తెచ్చి చూపుతుంది. ప్రతి విడుదలకూ ఆ అరలోని మార్పులు తేదీలతో సహా నమోదై ఉంటాయి. ఒక మాట ఎప్పుడు మారింది, దాని స్థానంలో ఏది వచ్చింది అన్నది వరుసగా చూడవచ్చు. నన్నయ భారతానికి పాఠాంతరాలు సేకరించే పరిశోధకుడికి ఇంతటి సదుపాయం ఏనాడూ లేదు. ఇంత సమగ్రమైన ఆధారం చేతిలో ఉండి కూడా దానిపై తెలుగులో పరిశోధన విస్తరించకపోవడం విచారించదగినది.

ఆక్సిజన్ ఓఎస్: పై పొర పుట్టుక

హైదరాబాదుతో ముడిపడిన అనుకూలీకృత ఇంటర్‌ఫేస్ ఆక్సిజన్ ఓఎస్. దాని పుట్టుకలో ఢిల్లీ న్యాయస్థానం పాత్ర కూడా ఉండడం ఆసక్తికరం. 2013 డిసెంబరులో ఏర్పడిన వన్‌ప్లస్ సంస్థ తన తొలి ఫోనును 2014 ఏప్రిల్‌లో ప్రకటించినప్పుడు సొంత ఇంటర్‌ఫేస్ లేదు. స్వచ్ఛంద కార్యకర్తల సమూహంగా మొదలై సంస్థగా మారిన సయనోజెన్ వారి రూపాన్ని అందులో అమర్చింది. భారతదేశంలో ఆ రూపాన్ని వాడే ప్రత్యేక హక్కును సయనోజెన్ మైక్రోమాక్స్‌కు ఇవ్వడంతో వివాదం వచ్చింది. 2014 డిసెంబరు 16న ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం ఆ ఫోన్ల అమ్మకాన్ని నిలిపివేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. కొద్దిరోజులకే ద్విసభ్య ధర్మాసనం ఆ ఉత్తర్వును నిలుపుదల చేసింది. ఎరువు తెచ్చుకున్న తెర ఎంత అస్థిరమో ఈ అనుభవం తేల్చింది. 2015 ఏప్రిల్ 3న ఆక్సిజన్ ఓఎస్ తొలి రూపం ఆండ్రాయిడ్ 5.0 ఆధారంగా విడుదలైంది. తెలుగు అర మొదటిసారి చేరిన ఆండ్రాయిడ్ రూపమూ అదే కావడం యాదృచ్ఛికమే అయినా, ఈ వ్యాసానికి ముఖ్యమైన యాదృచ్ఛికత.

తొలినాళ్లలో ఆక్సిజన్ ఓఎస్ మూలానికి దగ్గరగా ఉండేది. పై చేయి రాసినది తక్కువ. దాని ప్రత్యేకతగా పేరుపొందిన మీట ఒకటి అసలు భాషే అక్కరలేనిది. 2015లోని రెండవ ఫోను నుంచి వచ్చిన, మూడు స్థానాల మధ్య జరిగే పక్క మీట జేబులోనే వేలికి తెలిసిపోయేది. తరువాత రాను రాను మాటలు పెరిగాయి. రీడింగ్ మోడ్, జెన్ మోడ్, షెల్ఫ్ వంటి పేర్లతో కొత్త సదుపాయాలు చేరాయి. 2020లో భారతీయ వినియోగదారుల కోసం ‘వర్క్–లైఫ్ బ్యాలెన్స్’ అన్న సదుపాయం వచ్చింది. అదే ఏడాది వచ్చిన 11వ రూపం శీర్షికలను పెద్దవి చేసి, తాకవలసినవాటిని బొటనవేలికి అందేలా కిందికి దించింది. 2021లో దీని మూలసంకేతాన్ని ఒప్పో వారి కలర్ ఓఎస్‌తో కలిపేశారు. ఆ ఏడాది చివరలో వచ్చిన 12వ రూపం పాత వాడుకరులకు పరిచయం తప్పిన ఇల్లులా తోచింది. దోషాల కారణంగా దాని పంపిణీని కొంతకాలం ఆపవలసివచ్చింది. రెండింటినీ పూర్తిగా ఒకటి చేయాలన్న ఆలోచనను 2022లో విరమించుకొని, పేరును విడిగా నిలుపుకున్నారు.

భాషాపరంగా ఈ కలయిక అర్థం ఏమిటి? ఒక సంస్థ పొర కింద మరొక సంస్థ పొర చేరింది. ఇప్పుడు తెరపై తెలుగుకు రెండు కాదు, మూడు చేతులు. సెట్టింగ్‌ల జాబితాలో ఒక పంక్తి గూగుల్ అరలోనిది, దాని పక్క పంక్తి తయారీదారు అరలోనిది, ఇంకా అనువదించని మూడవ పంక్తి ఇంగ్లీషు. ఒక అరలో ‘నిల్వ’ అని ఉన్నచోట మరొక అరలో ‘స్టోరేజ్’ ఉంటే, అవి రెండూ ఒకటేనా వేరా అన్న సందేహం వాడుకరికి కలగడం సహజం. ఇది అజ్ఞానం కాదు, జాగ్రత్తగా చదివేవారికి తప్పక వచ్చే సందేహం.

మాటల స్తరాలు

మూలంలోని తెలుగు అరను కాలక్రమంలో చూస్తే రెండు దశలు స్థూలంగా తెలుస్తాయి. తొలిదశలో సంస్కృత సమాలకు మొగ్గు ఎక్కువ. ఇంగ్లీషులో ‘షేర్’ ఉన్నచోట ‘భాగస్వామ్యం చేయి’ అనీ, ‘అప్‌డేట్’ ఉన్నచోట ‘నవీకరణ’ అనీ ఉండేది. వ్యాపార ఒప్పందానికి తగిన భాగస్వామ్యం అన్న మాట మేనకోడలి ఫొటోను బంధువులకు పంపే చోట కూర్చోవడంలోని అసహజత్వం చెప్పనక్కరలేదు. తరువాతి దశలో ‘షేర్ చేయండి’, ‘అప్‌డేట్’, ‘స్టోరేజ్’ వంటి రూపాలు వాటిని తొలగించాయి.

ఈ మార్పును తెలుగుదనం తగ్గడంగా చూడడం తేలిక. కానీ తెరమీద మిగిలిన మాటల పుట్టుక చూస్తే విషయం అంత సూటిగా లేదు. ‘సరే’ అచ్చతెలుగు. ‘పరికరం’ సంస్కృతం. ‘రద్దు’ అరబ్బీ మూలం నుంచి ఉర్దూ మీదుగా కచేరీ భాషలోకి వచ్చినది. ‘ఖాతా’ హిందుస్తానీ నుంచి లెక్కల పుస్తకాల ద్వారా వచ్చినది. ‘యాప్’ ఇంగ్లీషు. ఒక్క అరచేతి వెడల్పు తెరపై తెలుగు పరిపాలనా భాష చరిత్ర అంతా పొరలుపొరలుగా పరుచుకొని ఉన్నది. గోల్కొండకు కూతవేటు దూరంలోని నార్సింగిలో ‘రద్దు’, ‘ఖాతా’ పరాయి మాటలని ఎవరికీ తోచదు. ‘అప్‌డేట్’ కూడా అదే దారిలో ఉన్నది. పోతే, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు ఫైలుకు వాడిన ‘దస్త్రం’, సెట్టింగ్స్‌కు వాడిన ‘అమరికలు’ వంటి మాటలు ఫోను తెరకు అందకపోవడం నిజంగా నష్టమే. అవి నిఘంటువు చూసి కట్టినవి కావు. వాడుకలో ఉన్న మాటకు కొత్త పని అప్పగించినవి.

పదాల కంటే పెద్ద చిక్కు వాక్యంలో ఉన్నది. ఇంగ్లీషులో మీట మీద ‘డిలీట్’ అని ఉంటే, అది వాడుకరి యంత్రానికి ఇచ్చే ఆజ్ఞా, యంత్రం వాడుకరికి చేసే సూచనా అన్నది తేల్చనక్కరలేదు. తెలుగు తేల్చకుండా ఉండనివ్వదు. ‘తొలగించు’ అంటే మాట్లాడేది మనిషి, వినేది ఫోను. ‘తొలగించండి’ అంటే మాట్లాడేది ఫోను, వినేది మనిషి. మూలంలోని తెలుగులో ఈ రెండు రూపాలూ కనిపిస్తాయి. రాను రాను ‘అండి’ రూపానికే మొగ్గు పెరిగింది. మర్యాద కోసం చేసిన ఈ మార్పులో ఒక తర్కదోషం దాగి ఉన్నది. మీటను నొక్కే మనిషి తన ఫోనును ‘మీరు’ అని సంబోధించడు. యంత్రం మనిషిని ప్రశ్నించే చోట ‘తొలగించాలా?’ అన్నది సరిపోతుంది. దానికి జవాబుగా మనిషి నొక్కే మీటపై ‘తొలగించు’ అన్నదే సరైన పురుష, వచన నిర్దేశం. పై పొర ఒక విధానాన్నీ కింది పొర మరొక విధానాన్నీ అనుసరిస్తే, ఒకే తెరపై వక్త, శ్రోత తారుమారవుతూ ఉంటారు. నాటక పాఠంలో పాత్రల పేర్లు చెదిరిపోయినట్టు ఉంటుందది.

రెండవ చిక్కు విభక్తి ప్రత్యయాలది. అనువాదకుడికి ఇచ్చే వాక్యంలో పేరు ఉండవలసినచోట ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలోకి ఏ పేరు వస్తుందో అనువదించే సమయంలో తెలియదు. ఇంగ్లీషులో ఖాళీకి ముందు క్రియ పెడితే చాలు. తెలుగులో ఖాళీకి చివర ప్రత్యయం అతకాలి. ‘కెమెరా’ వస్తే ‘కెమెరాను’. ‘గ్యాలరీ’ వస్తే ఇకారం ప్రభావంతో ‘గ్యాలరీని’. ‘పదకోశం’ వస్తే ప్రాతిపదికే మారి ‘పదకోశాన్ని’. వాడుకరి తన ఫొటోల సంచయానికి ‘ఇల్లు’ అని పేరు పెట్టుకుంటే ‘ఇంటిని’. ముందే రాసిపెట్టిన ఒక్క ప్రత్యయం వీటన్నిటికీ అతకదు. అందుకే తెరపై ‘గ్యాలరీను’, ‘పదకోశంను’ వంటి రూపాలు పుడుతున్నాయి. వీటిని అనువాదకుల అసమర్థతగా నిందించడం తేలిక. ఇంగ్లీషు వాక్యనిర్మాణాన్ని బట్టి ఖాళీని ముందే నిర్ణయించిన పద్ధతిలోనే దోషం ఉన్నది. దీనికి తెలుగులో పరిష్కారం లేకపోలేదు. ‘పదకోశం’ అనే యాప్‌ను తొలగించాలా, ‘ఇల్లు’ అనే ఆల్బమ్‌ను తొలగించాలా అని ‘అనే’ను ఆశ్రయిస్తే పేరు చెక్కుచెదరదు, ప్రత్యయం తెలిసిన మాటకే అతుకుతుంది. కథలు చెప్పేవారు కొత్త పాత్రను ప్రవేశపెట్టడానికి ఎప్పటినుంచో వాడుతున్న ఉపాయమిది.

వత్తులకు చోటు

ఇంటర్‌ఫేస్ కొలతలు లాటిన్ అక్షరాల ఎత్తును బట్టి మొదలయ్యాయి. తెలుగు అక్షరం పైన తలకట్టుకూ గుడికీ, కింద వత్తుకూ చోటు అడుగుతుంది. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం రాయాలంటే ఇంగ్లీషు పంక్తికి సరిపోయిన ఎత్తు చాలదు. ఈ ఇబ్బందిని దాటడానికి ఆండ్రాయిడ్ నోటో తెలుగు ఫాంటుకు రెండు రూపాలు ఉంచింది. ఒకటి అక్షరానికి సహజమైన ఎత్తు ఉన్నది. రెండవది ఇంటర్‌ఫేస్ కోసం అణచి, వత్తులను పైకి నెట్టి ఇరుకు చేసినది. ఏది చూపాలో నిర్ణయించే గుర్తును 2014లోని 5.0 రూపం ప్రవేశపెట్టినా, మామూలుగా చూపేది ఇరుకు రూపాన్నే. టైపురైటరు మీటల పరిమితికి తెలుగు అక్షరం ఒదిగిన చరిత్ర తెలిసినవారికి ఇది కొత్త కథ కాదు.

పదేళ్లకు ఈ నిర్ణయం తిరగబడింది. 2024లోని ఆండ్రాయిడ్ 15, దానికోసం తయారైన యాప్‌లలో సహజమైన ఎత్తునే మామూలు పద్ధతి చేసింది. 2025లోని ఆండ్రాయిడ్ 16 ఇరుకు రూపాలను విడిచిపెట్టే దిశగా సాగి, తెలుగు, కన్నడం, మలయాళం, తమిళం, గుజరాతీ, ఒడియా, అరబిక్, థాయ్ వంటి లిపుల్లో పంక్తుల కొలతలను సరిచూసుకోవాలని యాప్ నిర్మాతలకు సూచించింది. మూలం ఈ మార్పు చేసినంత మాత్రాన పని పూర్తికాదు. తయారీదారు సొంతంగా గీసుకున్న మీటలు, పలకలు పాత కొలతల్లోనే ఉంటే వత్తు కొస తెగిపోతుంది. వాడుకరి లాటిన్ లిపికి మాత్రమే రూపొందిన అలంకార ఫాంటును ఎంచుకుంటే, అందులో లేని తెలుగు అక్షరాల కోసం వ్యవస్థ మరొక ఫాంటుకు మరలుతుంది. ఒకే పంక్తిలో రెండు చేతిరాతలు కనబడడానికి కారణమిదే.

అక్షర సంయోగం యంత్రానికి ఎంత కఠినమో లోకానికి తెలిపిన ఘటన ఆండ్రాయిడ్‌ది కాదు. 2018 ఫిబ్రవరిలో, జకార ఞకార సంయోగానికి ఒక అదృశ్య సంకేతం చేరిన తెలుగు అక్షరం ఆపిల్ ఫోన్లలో సందేశాల యాప్‌లను కూల్చివేసింది. ప్రపంచ పత్రికల్లో తెలుగు లిపికి ఆ రోజుల్లో దక్కిన ప్రాచుర్యం అంతకుముందు ఏ కావ్యానికీ దక్కలేదు.

కూడలిలో మాట, తెరలో మాట

ఫోను మోగితే తెలంగాణలో ‘లేపుతారు’. కోస్తాలో ‘ఎత్తుతారు’. తెర మాత్రం ‘సమాధానం ఇవ్వండి’ అంటుంది. ఇంగ్లీషు ‘ఆన్సర్’కు అది సరైన అనువాదమే, కానీ తెలుగువారు ఫోనుతో చేసే పనికి పేరు కాదు. తాడు టెలిఫోను కాలం నుంచి రిసీవరును చేత్తో ఎత్తిన అనుభవం క్రియగా మిగిలి, ఎత్తడానికి ఏమీ లేని అద్దపు పలక మీద కూడా కొనసాగుతున్నది. అలాగే ‘చార్జింగ్ పెట్టు’, ‘రీచార్జ్ వేయించు’, ‘నెట్ ఆన్ చెయ్యి’, ‘ఫోన్ హ్యాంగయింది’, ‘లాక్ తియ్యి’, ‘సైలెంట్‌లో పెట్టు’. వీటిలో నామం ఇంగ్లీషు, క్రియ తెలుగు. ఆ క్రియను ఎంచుకోవడంలోనే తెలుగు ప్రతిభ ఉన్నది. ‘పెట్టు’, ‘వేయించు’, ‘తియ్యి’ అన్న చోట ‘చేయండి’ ఒక్కదానితో సరిపెట్టుకోవడం తెరమీది తెలుగుకు ఉన్న పేదరికం. ఆక్షేపించవలసినది అరువు నామాలను కాదు, ఈ క్రియాదారిద్ర్యాన్ని.

ఈ అంతరానికి ఆచరణలో ఒక ఫలితం ఉన్నది. మొబైలు దుకాణంలోనో, ఇంట్లో చదువుకునే పిల్లల ద్వారానో ఫోను నేర్చుకొనేవారికి అందే సూచనలు ‘సెట్టింగ్స్‌లోకి పో, డిస్‌ప్లే నొక్కు’ అన్న తీరులో ఉంటాయి. విన్న మాట తెరపై కనబడకపోతే తెలుగు తెర సాయం చేయడానికి బదులు అడ్డుపడుతుంది. ఇంగ్లీషు చదవలేనివారు కూడా ఇంగ్లీషు తెరనే ఉంచుకొని, గుర్తుల రంగూ స్థానమూ జ్ఞాపకం పెట్టుకొని ఫోను నడపడం అందుకే. అనుకూలీకృత ఇంటర్‌ఫేస్ ఒక నవీకరణతో ఆ గుర్తులను కదిలించినప్పుడు, చదివి వెదుక్కోగలిగినవారికి కలిగేది చిరాకు మాత్రమే. జ్ఞాపకంతో నడిపేవారికి అది దారి మూసుకుపోవడం.

2015లోని ఆండ్రాయిడ్ 6.0 నుంచి యాప్‌లు కెమెరా, మైకు, పరిచయాల జాబితా, స్థానం వంటివాటికి వాడే వేళనే అనుమతి అడగడం మొదలైంది. అంతకుముందు స్థాపన సమయంలో ఒకేసారి ముగిసే ఆ తంతు, అప్పటినుంచి వాడుకరి చదివి తేల్చవలసిన ప్రశ్నల వరుసగా మారింది. తయారీదారు పొర తన సొంత ప్రశ్నలను దానికి చేరుస్తుంది. బ్యాంకు ఖాతా, రైతు భూమి పత్రం, పింఛను సమాచారం ఫోనులోకి చేరిన కాలంలో ‘అనుమతించాలా?’ అన్న ప్రశ్న సమ్మతి పత్రంతో సమానం. చదవని, చదివినా అర్థంకాని పత్రం మీద వేలిముద్ర వేయించుకోవడం గ్రామీణ తెలుగు జీవితంలో కొత్త అనుభవం కాదు. ఆనాటి నవలాకారులు కరణం దఫ్తరాన్నీ, వడ్డీవ్యాపారి నోటునూ వస్తువుగా గ్రహించారు. ఈనాటి వేలిముద్ర తెరమీద పడుతున్నది.

ప్రభుత్వం ఈ రంగంలో చేసిన ముఖ్యమైన జోక్యం లిపికి సంబంధించినది. 2016 అక్టోబరులో నోటిఫై చేసిన ఐఎస్ 16333 మూడవ భాగం ప్రమాణం, దేశంలో అమ్మే ఫోన్లు 22 రాజ్యాంగ భాషల్లోని సందేశాలను చూపగలగాలనీ, హిందీ, ఇంగ్లీషులతోపాటు కనీసం మరొక భారతీయ భాషలో రాయడానికి వీలుండాలనీ నిర్దేశించింది. అమలుకు మొదట 2017 జులై గడువు పెట్టి, తరువాత పొడిగించారు. చదవగలగడం, రాయగలగడం దీని పరిధి. ఫోను తానుగా మాట్లాడే భాష ఎలా ఉండాలన్నది ఆ పరిధిలోకి రాలేదు.

1968లో ఏర్పడిన తెలుగు అకాడమి శాస్త్ర పరిభాషను కూర్చి పాఠ్యగ్రంథాలకు అందించింది. అది నిర్మించిన పరిభాష. దానికి భిన్నమైన మార్గం భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశపు వ్యవసాయ సంపుటానిది. రైతు దగ్గరకు వెళ్లి, పనిముట్టును చూపించి, దాన్ని ఏమంటారో అడిగి రాసుకున్న మాటలవి. చేనేత సంపుటం 1971లో వచ్చింది. ఫోను తెరకు కావలసినది ఈ రెండవ మార్గం. నార్సింగి కూడలిలో తెర అద్దాలు మార్చే దుకాణదారు, ఆటోలో ఫోను బిగించుకొని దారి చూసుకొనే డ్రైవరు, నిర్మాణ స్థలంలో హాజరును ఫోనులో వేసే మేస్త్రి, అపార్టుమెంటు ద్వారం దగ్గర రాకపోకలను యాప్‌లో నమోదుచేసే కాపలాదారు, వీరంతా నేటి వృత్తి పదజాలానికి వక్తలు. ఒక్కొక్క మీటనూ చూపించి ఏమంటారో అడిగితే వచ్చే పదపట్టికను మూలంలోని తెలుగు అరతో పంక్తికి పంక్తి సరిపోల్చవచ్చు.

పై పొర విషయంలో అంతకంటే ముందు చేయవలసిన పని ఉన్నది. ఆక్సిజన్ ఓఎస్ కానీ, మరొకటి కానీ, తెలుగులో ఉంచి ఒక్కొక్క విడుదలకు తెరల చిత్రాలు తీసి, ఫోను నమూనా, రూపం సంఖ్య, తేదీ రాసి భద్రపరచాలి. వ్రాతప్రతులకు వివరణ సూచికలు తయారుచేసే పద్ధతి తెలుగు శాఖలకు తెలిసినదే. 2014 నాటి యునైట్ ఫోన్లు ఇంకా కొన్ని ఇళ్ల అలమరల్లో ఉండవచ్చు. వాటి బ్యాటరీలు ఉబ్బకముందే తెర వెలిగించి చూడాలి.